ఇంట్లో కూడే బైబిల్ స్టడీ సంఘాన్ని ఎలా కడుతుంది?

హైదరాబాద్‌లో ఏదైనా పెద్ద సంఘానికి ఆదివారం వెళ్లి చూడండి. పొద్దున ఏడింటికి ఒక ఆరాధన, తొమ్మిదిన్నరకు ఇంకొకటి, సాయంత్రం ఇంగ్లిష్ సర్వీసు. మొదటివాళ్లు బయటికి వస్తుంటే రెండోవాళ్లు బండి పెట్టుకునే చోటు కోసం గేటు దగ్గర ఎదురుచూస్తుంటారు. పక్క కుర్చీలో ఉన్న మనిషికి వందనాలు చెబుతాం, చేయి కలుపుతాం. ఆయన పేరేమిటో, ఇల్లెక్కడో, పోయిన నెల ఉద్యోగం పోయిందో ఏమో మనకు తెలియదు. ఏళ్ల తరబడి ఒకే వరుసలో కూర్చుని, ఒకే ప్రభు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పంచుకున్నవాళ్లు కూడా ఇలాగే ఉండిపోతారు. సొంత ఊళ్లో చర్చికి ఈ ఇబ్బంది లేదు. అక్కడ ఆదివారం పక్కన కూర్చున్న మనిషి సోమవారం పొలం గట్టున కనిపిస్తాడు. నగరంలో మియాపూర్ నుంచి వచ్చిన కుటుంబం, ఉప్పల్ నుంచి వచ్చిన కుటుంబం మళ్లీ ఎదురుపడేది వచ్చే ఆదివారమే.

ఈ కొరతకు చాలా సంఘాలు చెప్పే మందు ఒకటే: చిన్న గుంపులు. సెల్ గ్రూప్ అంటారు, కేర్ సెల్ అంటారు, గృహ కూటం అంటారు, హౌస్ ఫెలోషిప్ అంటారు. వారంలో ఒక సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో పది పన్నెండు మంది కలిసి బైబిలు చదవడం. మొదలుపెట్టడం తేలికే. నేను చూసినంతలో చాలా గుంపులు ఏడాది తిరిగేలోపే నీరసించిపోతాయి. ఏదో ఒక వారం అతిథులొచ్చారని మానేస్తారు, ఇంకో వారం వానని మానేస్తారు, తర్వాత ఎవరూ అడగరు. కొన్ని మాత్రం నిలబడి, అందులోవాళ్లు ఒకరి పిల్లల పెళ్లిళ్లకు ఇంకొకరు పెద్దలుగా నిలబడేంత దగ్గరవుతారు. తేడా టీలోనూ పాటల్లోనూ లేదు. ఆ గదిలో ఎవరు మాట్లాడుతున్నారు, దేని మీద మాట్లాడుతున్నారు, ఇది తేలితే మిగతావన్నీ తేలతాయని నా గట్టి నమ్మకం.

ఒకే పేరుతో మూడు పనులు

మన చర్చిల్లో చిక్కు మొదట ఇక్కడే పడుతుంది. కొత్త ఇల్లు చేరినా, పిల్లవాడికి సీటు వచ్చినా, పెద్దాయన పోయి ఏడాది అయినా కాటేజ్ మీటింగ్ పెట్టుకుంటాం. అయ్యగారు, అంటే పాస్టర్ గారు, వస్తారు. నాలుగు పాటలు, ముప్పావుగంట ప్రసంగం, ప్రార్థన, ఆ తర్వాత భోజనం. మంచి ఆచారమే. బంధువులు, ఇరుగుపొరుగు వస్తారు, ఇల్లు సంతోషంగా ఉంటుంది. కానీ అక్కడ మాట్లాడేది ఒక్కరు, వినేది అందరూ. ఆదివారం ఆరాధనే చిన్నదై ఇంటికి వచ్చింది.

రెండోది ప్రార్థన కూటం. శుక్రవారం ఉపవాస ప్రార్థన, సంఘంలోని స్త్రీల సహవాసమైన స్త్రీల మైత్రి ప్రార్థన, ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు రోజుల్లో ఇంటింటి కూటాలు ఈ కోవలోవి. మనవులు చెప్పుకుంటారు, మోకరిస్తారు. ఇక్కడ ఎక్కువమంది నోరు తెరుస్తారు, కానీ వాక్యం ఎక్కువగా ప్రార్థనకు ముందు చదివే ఒక వచనంగానే ఉంటుంది.

మూడోదే అసలైన బైబిల్ స్టడీ. ఒక భాగాన్ని అందరూ కళ్ల ముందు పెట్టుకుని, దాన్ని ప్రశ్నలడిగి, ఒకరు చూడనిది ఇంకొకరు చూపించి, అర్థం చేసుకుని, ఈ వారం దీన్నిబట్టి ఏం చేద్దాం అని ఒకరితో ఒకరు తేల్చుకునేది. మూడింటినీ మనం 'బైబిల్ స్టడీ' అనే పిలుస్తాం. మొదటి రెండూ నడిపి మూడోదాని ఫలం రాలేదని బాధపడతాం. గుంపు నడిపే అన్నయ్య వారమంతా యూట్యూబ్‌లో ప్రసంగాలు విని, నోట్సు రాసుకుని, శుక్రవారం నలభై నిమిషాలు చెబుతాడు. ఆయన కష్టం నిజమైనదే. కానీ వినేవాళ్లకు ఆ పని ఆదివారమే అయిపోయింది, అంతకంటే బాగా చెప్పే పాస్టర్ గారి దగ్గరే అయిపోయింది. ట్రాఫిక్‌లో గంట ప్రయాణం చేసి రెండో ప్రసంగం వినడానికి ఎన్ని వారాలు వస్తారు?

ఇది కొత్తగా వచ్చింది కాదు

సెల్ గ్రూపులు కొరియా నుంచో అమెరికా నుంచో వచ్చిన ఫ్యాషన్ అని కొందరు పెద్దలకు అనుమానం. మొదటి మూడు శతాబ్దాల్లో సంఘం ఎక్కువగా ఇళ్లలోనే బతికింది. అపొస్తలుల కార్యాల రెండో అధ్యాయంలో విశ్వాసులు దేవాలయంలోనూ కూడారు, ఇంటింటా రొట్టె విరిచారు. రెండూ చేశారు, ఒకటి మానేసి ఇంకొకటి కాదు. మార్కు అనే యోహాను తల్లి మరియ ఇల్లు, ఫిలిప్పీలో లూదియ ఇల్లు, ప్రిస్కిల్ల అకులల ఇల్లు, కొలొస్సయిలో ఫిలేమోను ఇల్లు: కొత్త నిబంధనలో చాలా సంఘాల చిరునామాలు ఇలా మనుషుల పేర్లతోనే ఉన్నాయి. సిరియాలోని దూరా యూరోపోస్‌లో 1930లలో తవ్వకాలు జరిపితే, రెండు గదుల మధ్య గోడ తీసేసి కూటానికి అనువుగా మార్చుకున్న మూడో శతాబ్దపు ఇల్లు బయటపడింది. బాప్తిస్మానికి విడిగా గది కూడా ఉంది.

తర్వాతి శతాబ్దాల్లో పెద్ద కట్టడాలు వచ్చాయి, వినేవాళ్లు వినేవాళ్లుగానే మిగిలిపోయారు. 1670లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ యాకోబ్ స్పేనర్ అనే లూథరన్ పాస్టర్ తన ఇంట్లో చిన్న కూటాలు మొదలుపెట్టాడు. సామాన్య విశ్వాసులు బైబిలు చదివి మాట్లాడుకోవాలని 1675లో పుస్తకమే రాశాడు. ఆ ఉద్యమం హాలే పట్టణంలో వేళ్లూనింది. అక్కడి నుంచే 1706లో మిషనరీలు తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చారు. వాళ్ల తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1720లలో బైబిలును తెలుగులోకి తేవడం మొదలుపెట్టాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు గానీ, తెలుగులో బైబిలు ప్రయత్నానికీ ఇంటి కూటాల ఉద్యమానికీ మూలం ఒకటే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

హైదరాబాద్‌వాళ్లకు ఇంకా దగ్గరి కథ మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీది. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆయన అనుచరులు కట్టుకున్న మందిరానికి అప్పు మిగిలింది. ఎలా తీర్చాలని చర్చ జరుగుతుంటే, ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నాడు ఒకాయన. చాలామంది పేదవాళ్లు కదా, ఇవ్వలేరు అన్నారు ఇంకొకరు. అయితే అందరిలోకీ పేదవాళ్లయిన పదకొండు మందిని నాకు అప్పగించండి, వారానికోసారి నేనే వాళ్ల ఇళ్లకు వెళ్తాను, ఇస్తే తీసుకుంటాను, ఇవ్వలేకపోతే వాళ్ల బదులు నేనే ఇస్తాను అన్నాడు ఆయన. అలా పన్నెండేసి మంది చొప్పున విడదీశారు. పెన్నీ కోసం గడప తొక్కినవాళ్లకు లోపల ఏం జరుగుతోందో కనిపించింది. ఎవరింట్లో తాగుడు, ఎవరింట్లో గొడవ, ఎవరు విశ్వాసంలో కుంగిపోయారు. మనం ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది ఇదే అని వెస్లీకి అర్థమైంది. ఇల్లిల్లూ తిరగడం కష్టమై, ఆ పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూడడం మొదలుపెట్టారు. అవే మెథడిస్టుల 'క్లాస్ మీటింగులు'. నాయకుల్లో దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, ఇంటి పనులు చేసుకునే స్త్రీలు కూడా ఉన్నారు.

ఆ వెస్లియన్ మిషనరీలే 19వ శతాబ్దం చివర్లో సికింద్రాబాద్‌కు వచ్చారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వాళ్లు కట్టిందే. 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక మెదక్ అధ్యక్ష మండలంలోని సంఘాలు అందులో భాగమయ్యాయి. అంటే ఈ నగరంలో ఎన్నో పాత సంఘాల పుట్టుకలోనే చిన్న గుంపు ఉంది. మెదక్ చర్చిని చూడటానికి బస్సుల్లో వెళ్తాం, ఆ పన్నెండు మంది పద్ధతిని మాత్రం మరిచిపోయాం. ఇంకోవైపు 1950లో గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను అనే చోట సువార్తికుడు భక్తసింగ్ గారి సేవ మొదలైంది. అక్కడి ఆరాధనలో పాస్టర్ ఒక్కరే కాక సహోదరులు ఎవరైనా లేచి ప్రార్థించడం, స్తుతించడం, అందరూ కలిసి ప్రేమవిందు తినడం తెలుగు విశ్వాసులకు కొత్త అలవాట్లు నేర్పాయి.

కొరియా కథ ఆ తర్వాతిది. 1964లో సియోల్‌లో పాస్టర్ యోంగీ చో అతి శ్రమతో కుప్పకూలి, నిర్గమకాండం 18వ అధ్యాయంలో పని భారాన్ని ఇతరులకు పంచమని మామ యిత్రో మోషేకు చెప్పిన సలహా చదివి, ఇంటి గుంపులు మొదలుపెట్టాలనుకున్నాడు. మగ డీకన్లు (సంఘ పరిచారకులు) వెనకాడితే స్త్రీలకు అప్పగించాడు. స్త్రీలే వాటిని నిలబెట్టారు. మన దగ్గర స్త్రీల మైత్రి ఎంత బలంగా ఉందో తెలిసీ, గుంపు నాయకత్వం అనగానే మగవాళ్ల పేర్లే రాసే సంఘాలు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఒక వచనం చుట్టూ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పది మంది కూర్చుని మాట్లాడుకుంటే అది సహవాసం ఎందుకవుతుంది, కాలక్షేపం ఎందుకు కాదు?

జనవరి 1 ఆరాధనలో వాగ్దానం కార్డులు పంచడం మనకు బాగా అలవాటు. వాటిలో తరచుగా కనిపించేది యిర్మీయా 29:11. మీ గురించి నేను ఆలోచించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు, మీకు మంచి భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తాను అనే మాట. దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుంటాం, వాట్సాప్ స్టేటస్ పెడతాం. వీసా వస్తుందని, ప్రమోషన్ వస్తుందని, సంబంధం కుదురుతుందని నమ్ముతాం.

ఒక గుంపు ఆ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదివిందనుకుందాం. నడిపే మనిషి ప్రసంగం చేయడు, మొదట ఒక్కటే అడుగుతాడు: ఇది ఏమిటి? ప్రసంగమా, ప్రార్థనా, ఉత్తరమా? ఎవరో ఒకరు చూసి ఉత్తరం అంటారు. ఎవరికి? యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవాళ్లకు. ఇష్టపడి పోయారా? కాదు. ఇంకొకరు ఐదో వచనం పట్టుకుంటారు: ఇళ్లు కట్టుకోమంటున్నాడు, తోటలు నాటుకోమంటున్నాడు. పిల్లలకు పెళ్లిళ్లు చేయమంటున్నాడు. అంటే ఇప్పుడిప్పుడే తిరిగి వెళ్లరన్నమాట. పదో వచనానికి వచ్చేసరికి డెబ్బై ఏళ్లు అని ఉంది. గది ఒక్కసారి నిశ్శబ్దం అవుతుంది. ఎందుకంటే ఈ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ తిరుగు ప్రయాణం చూడకుండానే చనిపోతారు. వాగ్దానం వాళ్ల కోసం కాదా? వాళ్ల కోసమే, కానీ వాళ్లు అనుకున్న వేగంలో కాదు. అప్పుడు ఎవరో ఒకరు పేజీ వెనక్కి తిప్పి 28వ అధ్యాయం చూపిస్తారు. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా అయిపోతుందని చెప్పాడు, జనానికి నచ్చింది, కానీ అది అబద్ధం.

ఇక్కడి నుంచి మాట ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం, అదే దాని అందం. ఐదేళ్లుగా పిల్లలు లేక బాధపడుతున్న దంపతులు మొదటిసారి నోరు విప్పవచ్చు. ఒక దైవసేవకుడు ఈ ఏడాదే పిల్లలు పుడతారన్నాడు, మేం ఆయన మాట నమ్మాం అని వాళ్లు చెప్పవచ్చు. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి, ఇరవై ఏళ్లుగా 'మా ఊరు' అని ఆ ఊరి గురించే మాట్లాడుతూ, ఇక్కడ అద్దె ఇంట్లో తాత్కాలికంగా ఉన్నట్టు బతుకుతున్న మనిషికి ఏడో వచనం తగులుతుంది. ఏ పట్టణానికి పంపబడ్డారో ఆ పట్టణపు క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. మన కాలనీలో చెత్త సమస్య గురించి మనం ఎప్పుడైనా ప్రార్థించామా అని ఒక కాలేజీ అమ్మాయి అడుగుతుంది. అందరూ నవ్వుతారు. తర్వాత ఆలోచిస్తారు.

ఇక్కడ జరిగింది గమనించండి. ఎవరూ తన కథతో మొదలుపెట్టలేదు. మొదట అందరూ ఒక వాక్యం ముందు సమానంగా కూర్చున్నారు. వాక్యం ప్రశ్న వేసింది, ఆ ప్రశ్న కింద మనుషులు బయటపడ్డారు. కేవలం కష్టాలు చెప్పుకోవడానికి కూడితే బాగా మాట్లాడేవాళ్ల కష్టాలే వినిపిస్తాయి. కేవలం బోధకు కూడితే ఎవరి కష్టమూ వినిపించదు. వాక్యం మధ్యలో ఉంటే, పిరికి మనిషి కూడా 'ఈ వచనంలో ఇలా ఉంది కదండీ' అని మొదలుపెట్టి తన మాట చెప్పగలడు. బెరయ పట్టణంవాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పింది నిజమా కాదా అని ప్రతిరోజూ లేఖనాలు పరిశోధించారు. అపొస్తలుడినే సరిచూసుకున్నారు, అందుకు మెప్పు పొందారు. ఆ స్వేచ్ఛ మన గుంపుల్లో ఉండాలి.

దీనికి నాయకుడికి వేదాంత కళాశాల డిగ్రీ అవసరం లేదు. యూనివర్సిటీ హాస్టళ్లలో 1954 నుంచి పనిచేస్తున్న యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఇవాంజలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) విద్యార్థి బృందాలు ఈ పద్ధతిని ఎంతోమంది తెలుగు యువతకు నేర్పాయి. మొదట ఏముందో చూడు, తర్వాత అర్థం ఏమిటో ఆలోచించు, ఆ తర్వాతే మన బతుక్కి అన్వయించు. చాలా గుంపులు మొదటి మెట్టు దాటేసి నేరుగా మూడోదానికి దూకుతాయి. 'నాకు ఈ వచనం ద్వారా దేవుడు ఇలా మాట్లాడాడు' అని ఒకరంటే, ఇంకెవరూ కాదనలేరు. అక్కడ నాయకుడు ప్రేమతోనే 'ఏ వచనంలో చూశారండీ?' అని అడగాలి. తప్పుడు బోధకు ఇంతకంటే మంచి కాపలా నాకు తెలియదు.

ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు

హైదరాబాద్ సంఘాల్లో సున్నితమైన ప్రశ్న ఇదే. మిషన్లు ఒకప్పుడు తెలుగు నేలను ప్రాంతాలవారీగా పంచుకున్నాయి. గుంటూరు, గోదావరి ప్రాంతాల్లో లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు, నల్గొండల్లో బాప్టిస్టులు, మెదక్ వైపు వెస్లియన్లు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు. జనం ఎక్కువగా పల్లెలు పల్లెలుగా, కులాలు కులాలుగా విశ్వాసంలోకి వచ్చారు. మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఇంకొకటి. ఆ మనుషులే నగరానికి వచ్చినప్పుడు, తమ జిల్లావాళ్లు, తమవాళ్లు ఉన్న సంఘాన్నే వెతుక్కున్నారు. 'మీది ఏ ఊరండీ?' అనే ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుందని అందరికీ తెలుసు.

చిన్న గుంపును స్నేహాన్ని బట్టి కడితే ఈ గోడలే ఇళ్లలోకి వస్తాయి. ఎవరికి ఎవరితో బాగుంటుందో వాళ్లే ఒక గుంపవుతారు: ఒకే ఊరివాళ్లు, ఒకే ఆఫీసువాళ్లు, ఒకే స్థాయి ఫ్లాట్లవాళ్లు. వాళ్ల మధ్య ఆప్యాయత ఉంటుంది, కానీ అది విశ్వాసం వల్ల వచ్చిందా, ముందే ఉన్న బంధాల వల్ల వచ్చిందా చెప్పలేం. అందుకే గుంపులను ఇళ్ల దగ్గరితనాన్ని బట్టి కట్టడమే మంచిదని నేను వాదిస్తాను. మల్కాజిగిరిలో ఉన్నవాళ్లంతా ఒక గుంపు, బోడుప్పల్‌లో ఉన్నవాళ్లు ఒక గుంపు. అప్పుడు ఫ్లాట్ ఓనరూ, అదే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యా ఒకే చాప మీద కూర్చోవాల్సి వస్తుంది. మొదటి నెలలు ఇబ్బందిగానే ఉంటుంది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు అని చదివినప్పుడు, ఎవరు సోఫాలో ఉన్నారో ఎవరు కింద ఉన్నారో అందరికీ కనిపిస్తుంది. ఆ వారం కుర్చీలన్నీ పక్కకు తీసి అందరూ కిందే కూర్చున్న ఇల్లు నాకు తెలుసు. అప్పటి నుంచి అక్కడ అదే అలవాటు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, నర్సులు, క్యాబ్ నడిపేవాళ్లు దీనికి మినహాయింపు. వాళ్లకు కుదిరే వేళకు వేరే గుంపు ఉండాల్సిందే.

చదవడం కూడా ఒక చిక్కే. మన పాత తెలుగు బైబిలు భాషకు పెద్దవాళ్లు ప్రాణమిస్తారు. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి చదవడమే రాదు. చదువు రాని అమ్మలు కూడా ఉంటారు. అందరూ తలా ఒక వచనం చదవాలి అని నియమం పెడితే, తన వంతు వస్తుందేమోనని టెన్షన్ పడి మానేసేవాళ్లు ఉన్నారు. బాగా చదివే ఇద్దరు గట్టిగా చదివితే చాలు: ఒకసారి పాత అనువాదం, ఒకసారి వాడుక భాషలో ఉన్నది. అక్షరం రాని పెద్దమ్మకు కీర్తనల్లో సగం కంఠతా వచ్చు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం లేకుండా పాడుతుంది. ఆమెను వినే మనిషిగా మార్చకండి, మాట్లాడే మనిషిగా ఉంచండి.

బిర్యానీ, కవరు, చీటీ

గుంపులను చంపేవి సిద్ధాంత భేదాలకంటే ఎక్కువగా ఇలాంటివే. మొదటి ఇంట్లో టీ, బిస్కెట్లు పెడతారు. రెండో ఇంట్లో ఉప్మా, మూడో ఇంట్లో చికెన్ బిర్యానీ, డబుల్ కా మీఠా. నాలుగో ఇల్లు ఆటో నడిపే తమ్ముడిది. అతను 'మా ఇల్లు చిన్నదండీ' అంటాడు. నిజానికి ఇల్లు చిన్నది కాదు, ఖర్చు పెద్దది. దీనికి తోడు కాటేజ్ మీటింగులో అయ్యగారికి కవరు ఇచ్చే అలవాటు ఇక్కడికీ వస్తే, పేద కుటుంబం ఎప్పటికీ పిలవదు. కొరింథు సంఘంలో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుడై ఉన్నాడని పౌలు కోప్పడింది ఇలాంటి బల్ల గురించే. కాబట్టి నియమం మొదటి రోజే చెప్పాలి: టీ మాత్రమే, కానుక లేదు, కవరు లేదు. పండగ భోజనం కావాలంటే అందరూ తలా ఒకటి వండి తెచ్చుకోవాలి.

ఇంకో నియమం: గుంపులో చీటీలు, ఇన్సూరెన్స్ పాలసీలు, ప్లాట్లు, గొలుసు వ్యాపారాల మాట రాకూడదు. నమ్మకం ఉన్నచోట అమ్మడం తేలిక, అందుకే అవి అక్కడికే వస్తాయి. చీటీ పాడిన మనిషి కట్టకుండా పోతే, డబ్బుతో పాటు గుంపూ పోతుంది. ఒకరి అవసరానికి సాయం చేయాలనుకుంటే అప్పుగా కాకుండా ఇచ్చేయాలి, పెద్ద మొత్తమైతే సంఘ పెద్దల ద్వారా వెళ్లాలి.

ప్రార్థన మనవుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 'ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి, వాళ్లాయన...' అని మొదలయ్యే మనవి ఆదివారానికి చర్చి ప్రాంగణమంతా పాకుతుంది. ఒకసారి అలా జరిగితే ఆ సిస్టర్ మళ్లీ నోరు తెరవదు, ఆమెను చూసి ఇంకో నలుగురూ తెరవరు. ఎవరి మనవి వాళ్లే చెప్పుకోవాలి, విన్నది ఆ గదిలోనే ఉండాలి, వాట్సాప్‌లో పెట్టకూడదు. ఒకనికొరకు ఒకడు ప్రార్థించమని, పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు రాసిన మాట ఈ భద్రత లేకుండా కుదరదు. వెస్లీ కూడా ఇది తెలిసే, లోతైన ఒప్పుకోలు కోసం ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరుగా ఇంకా చిన్న బృందాలు పెట్టాడు.

కొన్ని సంగతులు మాత్రం గుంపు దాచిపెట్టకూడదు. ఇంట్లో కొడుతున్నారని ఒక అక్క చెబితే, 'ప్రార్థించు, ఓర్చుకో' అని పంపేయడం పాపం. స్త్రీల హెల్ప్‌లైన్ 181 ఉంది, పోలీసులున్నారు, ఆమెకు ఆశ్రయమిచ్చే ఇళ్లు మన సంఘంలోనే ఉండాలి. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ప్రార్థించి, ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకుండా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్‌వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. వైద్యం విశ్వాసానికి విరోధం కాదని గుంపు నాయకులు గట్టిగా చెప్పాలి.

పాస్టర్ గారి భయం

చాలామంది పాస్టర్లు చిన్న గుంపులంటే లోపల భయపడతారు. ఆ భయం ఉత్తిది కాదు. ఈ నగరంలో గుంపు నాయకుడు ఏడాదికి పాస్టరై, తన పదిహేను కుటుంబాలతో పక్క వీధిలో షెడ్డు వేసుకున్న సందర్భాలు అందరికీ తెలిసినవే. అందుకని కొందరు ప్రతి గుంపుకూ తామే వెళ్తారు. వాళ్లు గదిలోకి రాగానే అందరూ నిటారుగా కూర్చుంటారు, ప్రశ్నలు ఆగిపోతాయి, మళ్లీ ప్రసంగమే అవుతుంది.

దారి ఇంకోటి ఉంది. పాస్టర్ గారు గుంపుల దగ్గరికి వెళ్లకుండా గుంపు నాయకుల్ని తన దగ్గరికి పిలుచుకోవాలి. వెస్లీ నాయకులు ప్రతి వారం దైవసేవకుడిని కలిసి ఎవరు జబ్బుపడ్డారో, ఎవరు దారి తప్పుతున్నారో చెప్పేవాళ్లు. అలాగే వచ్చే నాలుగు వారాల భాగాలను నాయకులతో కలిసి పాస్టర్ గారు ముందే చదవాలి. వాళ్ల ప్రశ్నలకు అక్కడే జవాబు చెప్పాలి, తెలియనివి అడగడానికి ధైర్యం ఇవ్వాలి. గుంపులో కానుక పట్టకూడదు, ప్రభు బల్ల ఇవ్వకూడదు, నాయకత్వం ఒకరి చేతిలోనే ఏళ్ల తరబడి ఉండకూడదు. డబ్బూ ప్రభు బల్లా సంఘం దగ్గరే ఉంటే, విడిపోవాలన్న శోధన చాలావరకు తగ్గుతుంది. ఆదివారం ప్రసంగమూ, వారంలో చదివే భాగమూ ఒకటే అయితే ఇంకా మంచిది. ఆదివారం విన్నదాన్ని జనం శుక్రవారం నమలుతారు, వచ్చే ఆదివారం ప్రసంగం వాళ్ల ప్రశ్నలతో పదునెక్కుతుంది.

కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఇదే అవసరానికి ఇంకో సాధనం వాడతారు. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ తయారుచేసిన ఏడు మెట్ల సువార్త పంచుకోలు అది. ప్రభువును ఆహ్వానించి, చదివి, తాకిన మాటలను గట్టిగా మళ్లీ పలికి, మౌనంగా ఉండి, పంచుకుని, ఈ వారం ఏ పని చేయాలో తేల్చుకుని, ప్రార్థిస్తారు. ఆ మౌనం మెట్టు మన ప్రొటెస్టెంటు గుంపులకు బాగా అవసరం. మనం నిశ్శబ్దం రాగానే పాట ఎత్తుకుంటాం.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు

ఎనిమిది నుంచి పన్నెండు మంది. అంతకు మించితే సగం మంది శ్రోతలవుతారు. గంటంబావు, చెప్పిన వేళకు మొదలై చెప్పిన వేళకు ముగియాలి. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకుండా మైకు లేకుండా, అద్దె ఇల్లయితే ఓనరుకు ముందే ఒక మాట చెప్పి. 2020 లాక్‌డౌన్‌లో జూమ్ మనల్ని నిలబెట్టిన మాట నిజమే, ఊరు వెళ్లినవాళ్లకు ఇప్పటికీ అది పనికొస్తుంది, కానీ ఇంటి గడప దాటి రావడానికి అది బదులు కాదు.

మొదట మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలు, వారానికి ఒకటి. జూన్‌లో స్కూళ్లు తెరిచాక మొదలుపెడితే, వానలకు, దసరా సెలవులకు రెండు మూడు వారాలు పోయినా, డిసెంబర్ క్యారల్స్ హడావుడికి ముందే ముగుస్తుంది. ముగిశాక ఒక వారం చదవకుండా కూర్చుని, కొనసాగిద్దామా, రెండుగా విడిపోదామా, ఆపేద్దామా అని అందర్నీ అడగండి. ఆపేద్దాం అన్నవాళ్ల కారణం కూడా వినండి, దాన్ని ఎవరూ విశ్వాసహీనతగా తీసుకోకుండా. విడిపోతే కొత్త గుంపును ఎవరు నడపాలో ఆ 16 వారాల్లో మీకే తెలిసి ఉంటుంది. ఎక్కువ మాట్లాడినవాళ్లను వదిలేసి, ఇతరులను మాట్లాడనిచ్చినవాళ్ల పేరు పాస్టర్ గారికి ఇవ్వండి.